పెప్టైడ్ చదవడం నేర్చుకుందాం - 3వ పాఠం: ఛార్జి లెక్క

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరం గుర్తు. పోయిన పాఠంలో అలాంటి అక్షరాల వరుస ఒకటి ఇచ్చి, అందులో ‘సి’లు (గంధకం ఉండే సిస్టీన్) ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమన్నాను. జవాబు ఆరు. రెండేసి కలిసి మూడు గంధకపు ముడులు పడతాయి. తల, తోక కూడా అతుక్కుని గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఇలాంటి పెప్టైడ్లు మరిగించినా తేలిగ్గా చెడిపోవు. ఈ రోజు పనికీ అదే వరుస కావాలి, నోట్‌బుక్‌లో రాసుకోండి:

జి-ఐ-పి-సి-జి-ఇ-ఎస్-సి-వి-డబ్ల్యు-ఐ-పి-సి-ఐ-ఎస్-ఎస్-ఎ-ఐ-జి-సి-ఎస్-సి-కె-ఎస్-కె-వి-సి-వై-ఆర్-ఎన్

దీని పేరు సైక్లోవయోలాసిన్ ఓ2, మొత్తం 30 అమైనో ఆమ్లాలు. యూనానీ దుకాణాల్లో బనఫ్షా అని అమ్మే వయొలెట్ మొక్కలో ఇది దొరుకుతుంది. స్వీడన్‌లోని ఉప్సాలా పరిశోధకులు 2002లో ఇలాంటి పెప్టైడ్లను క్యాన్సర్ కణాల మీద పరీక్షించారు. వాటిలో దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా (ఒక రకం బ్లడ్ క్యాన్సర్) రోగుల నుంచి తీసిన కణాలు కూడా ఉన్నాయి. గాజు పాత్రలో ఆ కణాలు చనిపోయాయి.

ఎందుకు చనిపోయాయో అర్థం కావాలంటే ఛార్జి, అంటే ప్లస్ లేదా మైనస్ విద్యుదావేశం, తెలియాలి. ఆరోగ్యంగా ఉన్న కణం తన పొరలోని మైనస్ ఛార్జి కొవ్వును, ముఖ్యంగా ఫాస్ఫాటిడిల్ సెరీన్‌ను, లోపలి వైపే దాచుకుంటుంది. చాలా క్యాన్సర్ కణాల్లో అది కొంత బయటికి వచ్చేస్తుంది. బాక్టీరియా పొర బయటివైపు ఎలాగూ మైనస్సే. అందుకే సూక్ష్మజీవులను చంపే ప్లస్ పెప్టైడ్ ల్యుకేమియా కణాన్నీ పట్టుకోగలదేమో అన్న ఆలోచన పుట్టింది.

ఇక లెక్క. ‘కె’ (లైసిన్), ‘ఆర్’ (ఆర్జినిన్) కింద ప్లస్ పెట్టండి. ‘డి’ (ఆస్పార్టిక్ ఆమ్లం), ‘ఇ’ (గ్లుటామిక్ ఆమ్లం) కింద మైనస్ పెట్టండి. ‘హెచ్’ (హిస్టిడిన్) కనిపిస్తే వదిలేయండి, రక్తపు పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) దగ్గర అది చాలావరకు ఛార్జి లేకుండానే ఉంటుంది. సాధారణ పెప్టైడ్‌లో ఒక కొస ప్లస్, ఇంకో కొస మైనస్ కాబట్టి రెండూ కొట్టేసుకుంటాయి. మనదానికి కొసలే లేవు.

మన వరుసలో రెండు ‘కె’లు, ఒక ‘ఆర్’ కలిపి ప్లస్ 3. ఒకే ఒక్క ‘ఇ’కి మైనస్ 1. మిగిలింది ప్లస్ 2.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, మీరు ఆగకండి. ‘ప్లస్ ఎక్కువైతే మందు బలం ఎక్కువ’ అనే మాట తరచూ వింటాం. 2006లో ఉప్సాలాలోనే ఈ పెప్టైడ్‌లోని ఛార్జి ఉన్న అక్షరాలను రసాయనాలతో కప్పి, అంటే వాటి ఛార్జి పనిచేయకుండా చేసి చూశారు. లైసిన్లను కప్పితే చంపే శక్తి కొంత తగ్గింది. ఆ ఒక్క ‘ఇ’ని కప్పితే మాత్రం శక్తి దాదాపు పోయింది. ఆ మైనస్ అక్షరం పెప్టైడ్ ఆకారాన్ని పట్టి ఉంచుతుంది, ఆకారం చెదిరితే పొరలోకి దిగే పట్టు ఉండదు. మొదటిసారి ఇది చదివినప్పుడు నా నోట్‌బుక్‌లో ‘ప్లస్ ఉంటే చాలు’ అని రాసుకున్న వాక్యాన్ని కొట్టేశాను.

ఇంకో సంగతి, ఇది రోగుల ఇళ్ళలో వాళ్ళు తప్పకుండా చదవాలి. 2010లో ఇదే పెప్టైడ్‌ను ఎలుకలకు రక్తనాళం ద్వారా ఇచ్చి చూశారు. కిలో బరువుకు 1.5 మిల్లీగ్రాముల దాకా తట్టుకున్నాయి, 2 మిల్లీగ్రాములకు చనిపోయాయి. కణితి కణాల మీద మాత్రం ప్రభావం చాలా తక్కువ, లేదా లేదు. గాజు పాత్రకూ ఒంటికీ మధ్య ఉన్న ఈ దూరం ఇంకా దాటలేదు. దయచేసి బ్లడ్ క్యాన్సర్ కోసం బనఫ్షా కషాయం కాచి తాగించకండి, డాక్టరు ఇచ్చే కీమో ఆపించకండి.

వచ్చే పాఠానికి అభ్యాసం. కాంగోలో కాన్పు సమయంలో ఆడవాళ్ళు కాచుకు తాగిన మొక్క నుంచి వచ్చిన కలాటా బి1 వరుస ఇది:

జి-ఎల్-పి-వి-సి-జి-ఇ-టి-సి-వి-జి-జి-టి-సి-ఎన్-టి-పి-జి-సి-టి-సి-ఎస్-డబ్ల్యు-పి-వి-సి-టి-ఆర్-ఎన్

మొత్తం ఛార్జి కట్టండి. సున్నా వస్తే కంగారు పడకండి, సరిగ్గానే చేశారు. అయినా ఇది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఎలాగో 4వ పాఠంలో చూద్దాం.