"రేపు నా ఉద్యోగం ఊడినట్టే" అనిపించినప్పుడు ఏం చేయాలి?

రాత్రి తొమ్మిదిన్నరకి మేనేజర్ నుంచి వాట్సాప్ మెసేజ్: "రేపు పొద్దున ఒకసారి కేబిన్‌కి రండి." చదవగానే గుండె దడ. ఆ మెసేజ్‌కీ ఈ దడకీ మధ్య ఒక మాట మెరిసి మాయమైంది: "నన్ను తీసేస్తున్నారు." 1960ల్లో అమెరికన్ సైకియాట్రిస్టు ఆరన్ బెక్ డిప్రెషన్‌తో వచ్చినవాళ్లలో ఇలాంటి మాటల్నే గమనించి, వాటిని పట్టుకుని పరీక్షించే చికిత్స తయారుచేశాడు. ఇవాళ సీబీటీ (ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్స) అంటున్నదానికి అదే ప్రధానమైన పునాది.

ఆ పరీక్ష మీరే చేసుకోవడానికి నోట్‌బుక్ తీయండి. మనసులోనే చేసేద్దామనుకుంటే కుదరదు, ఒక ఆలోచన ఇంకోదాన్ని లాక్కొస్తుంది. దడ మరీ ఎక్కువగా ఉంటే ముందు పది నిమిషాలు నడిచి రండి.

మొదట జరిగింది రాయండి, కంటికి కనబడినంతే. "కోపంగా మెసేజ్ పెట్టాడు" అని రాస్తే తప్పు. ఆ ఐదారు మాటల్లో కోపం ఎక్కడుంది? పక్కనే భయం 100కి ఎంతో వేయండి. 85 అనుకుందాం.

తర్వాత ఆలోచన. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. "టెన్షన్‌గా ఉంది" అనేది ఆలోచన కాదు, అనుభూతి. "ఎందుకు పిలిచాడో?" అనేది ప్రశ్న, ప్రశ్నకి నిజం, అబద్ధం ఉండవు కాబట్టి పరీక్షించలేం. ఆ ప్రశ్న కింద మీరు భయపడుతున్న జవాబు రాయండి: "రేపు నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు." నమ్మకం 80 శాతం.

ఇప్పుడు రెండు వైపులా సాక్ష్యాలు. అవునన్న వైపు: పోయిన నెల రిపోర్టు ఆలస్యమైంది. కాదన్న వైపు: ఇంతకుముందు పిలిచినప్పుడల్లా కొత్త పని గురించో, సెలవుల గురించో మాట్లాడాడు, నోటీసు లాంటిదేమీ రాలేదు. "నాకెందుకో అలా అనిపిస్తోంది" అని రాసుంటే కొట్టేయండి, అది సాక్ష్యం కిందికి రాదు.

చివర కొత్త వాక్యం. "అంతా మంచే జరుగుతుంది" అని మాత్రం రాయొద్దు, మీ మనసే నమ్మదు. "ఎందుకు పిలిచాడో తెలీదు. రిపోర్టు సంగతి కావచ్చు, అడిగితే కారణం చెప్పగలను." ఇది 60 శాతం నమ్మబుద్ధయినా చాలు. మళ్లీ భయం కొలవండి. 85 కాస్తా 50కి దిగితే పని జరిగినట్టే, సున్నా కోసం చూడకండి. మొత్తం పావుగంటలో ముగించాలి; అంతకు మించితే రాయడం పేరుతో మళ్లీ మథనపడటమే.

మర్నాడు "సార్, ఏమైనా ఫైల్ తీసుకురావాలా?" అని అడిగి వెళ్లండి. వచ్చాక అసలేం జరిగిందో అదే పేజీలో రాయండి. అందరూ వదిలేసే గడి ఇదే, మా లెక్కలో అన్నిటికన్నా విలువైనదీ ఇదే. పదిపన్నెండు పేజీలయ్యాక మీ అలవాటు మీకే దొరుకుతుంది: ఎదుటివాళ్ల మనసు చదివేయడమో, చిన్నదాన్ని ప్రళయం చేయడమో, అన్నిటికీ "నా వల్లే" అనుకోవడమో.

ఒక్కోసారి సాక్ష్యాలు భయం వైపే తూగుతాయి. ఆఫీసులో నిజంగానే మనుషుల్ని తీసేస్తుంటే ఆ ఆలోచనతో వాదించకండి. రెజ్యూమె సరిచేసుకోండి, చేతిలో ఎన్ని నెలల ఖర్చులకు డబ్బుందో లెక్క చూసుకోండి.

రెండు వారాలుగా దిగులు వదలకపోయినా, నిద్రా తిండీ దెబ్బతిన్నా నోట్‌బుక్‌తో సరిపెట్టుకోకుండా డాక్టర్‌ని కలవండి. చచ్చిపోవాలనిపిస్తే రెండు వారాలు ఆగొద్దు, వెంటనే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు: ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.