బ్యాటరీ మోడల్ లెక్క, సెల్ కొలత కలవట్లేదా?

సిమ్యులేషన్‌లో ఒక వోల్టేజ్, సెల్ మీద ఇంకో వోల్టేజ్ వస్తే చాలామంది వెంటనే ఇంకా పెద్ద మోడల్ వెతుకుతారు. తొందరపడకండి. ముందు ఆ రెండింటి తేడాని టైమ్‌తో పాటు గ్రాఫ్ గీయండి, తప్పు ఎక్కడుందో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

సమస్య: లోడ్ పడగానే తేడా

సిరీస్ రెసిస్టెన్స్ (సెల్‌ని సర్క్యూట్‌గా చూపే మోడల్‌లో, కరెంట్ పారగానే వోల్టేజ్‌ని పడేసే రెసిస్టర్) విలువ తప్పు. సెకనుకి ఒక్క రీడింగ్ ఉన్న డేటాతో దాన్ని లెక్కేస్తే, తర్వాత మెల్లగా వచ్చే పోలరైజేషన్ (సెల్ లోపలి చర్యల వల్ల వోల్టేజ్ నెమ్మదిగా మారడం) కూడా అందులో కలిసిపోతుంది, కాబట్టి పల్స్ టెస్ట్‌ని (కాసేపు కరెంట్ ఇచ్చి ఆపి వోల్టేజ్ చూడటం) మిల్లీసెకన్ల లెక్కన రికార్డ్ చేయండి. టెంపరేచర్ కూడా చూసుకోండి: 25 డిగ్రీల దగ్గర తీసిన విలువ 0 డిగ్రీల దగ్గర పనికిరాదు.

మొదట సరిగ్గా ఉండి నిమిషాలు గడిచేకొద్దీ పక్కకి పోతుంటే ఒక ఆర్‌సీ జత (ఆ మెల్లని మార్పుని చూపే రెసిస్టర్, కెపాసిటర్ జత) చాలట్లేదని అర్థం. రెండోది కలపండి. అంతకంటే ఎక్కువ పెడితే ఆ టెస్ట్‌కి బాగా సరిపోతుంది గానీ వేరే లోడ్ ఇస్తే తప్పుతుంది.

సమస్య: ఎస్‌ఓసీ (సెల్‌లో ఎంత ఛార్జ్ మిగిలిందనే శాతం) లెక్క రోజురోజుకీ జారిపోతోంది

అసలు తలనొప్పి ఇదే. ఎక్కువసార్లు కారణం కరెంట్ సెన్సర్ ఆఫ్‌సెట్, అంటే రీడింగ్‌లో ఎప్పుడూ ఉండే చిన్న తప్పు; కరెంట్‌ని కూడుకుంటూ ఎస్‌ఓసీ లెక్కేస్తాం కాబట్టి అది పోగవుతుంది. 50 మిల్లీఆంపియర్లేగా అనిపిస్తుంది, కానీ 24 గంటల్లో అది 1.2 ఆంపియర్-అవర్లు, అంటే 3 ఆంపియర్-అవర్ల సెల్‌లో 40 శాతం. కాల్మన్ ఫిల్టర్ (మోడల్ అంచనాని, కొలతని కలిపి సరిచేసే లెక్క) పెడితే వోల్టేజ్ చూసి సరిదిద్దుతుంది, నిజమే, కానీ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్‌కి మధ్యలో చాలా దూరం వోల్టేజ్ 3.3 దగ్గర దాదాపు కదలదు కాబట్టి కొన్ని మిల్లీవోల్టుల తప్పుకే ఎస్‌ఓసీ చాలా శాతం అటూ ఇటూ అయిపోతుంది. పైగా హిస్టెరిసిస్ ఒకటి: ఛార్జ్ చేసి ఆపితే ఒక వోల్టేజ్ దగ్గర, డిశ్ఛార్జ్ చేసి ఆపితే ఇంకో వోల్టేజ్ దగ్గర నిలుస్తుంది.

పరిష్కారం: ఛార్జ్ తర్వాతది, డిశ్ఛార్జ్ తర్వాతది, వోల్టేజ్-ఎస్‌ఓసీ కర్వులు రెండూ విడిగా కొలవండి. ఆఫ్‌సెట్‌ని కూడా ఫిల్టర్‌లో ఒక స్టేట్‌గా (ఫిల్టర్ తనే అంచనా వేసే విలువగా) పెట్టండి. కర్వ్ చదునుగా ఉన్నచోట వోల్టేజ్‌ని తక్కువ నమ్మండి, ఫుల్ ఛార్జ్ అయిన ప్రతిసారీ 100 శాతానికి రీసెట్ చేయండి.

సమస్య: ఎక్కువ కరెంట్ దగ్గరే తప్పుతోంది

ఇక్కడ మోడల్ మార్చాల్సి రావచ్చు. సింగిల్ పార్టికల్ మోడల్ (ఒక్కో ఎలక్ట్రోడ్‌ని ఒకే కణంగా లెక్కించేది) ఎలక్ట్రోలైట్‌లో, అంటే అయాన్లు కదిలే ద్రవంలో, అయాన్ల గాఢత అంతటా ఒకేలా ఉంటుందనుకుంటుంది, తక్కువ కరెంట్‌కి ఫర్వాలేదు, ఫాస్ట్ ఛార్జింగ్‌కి కుదరదు. ఎలక్ట్రోలైట్ కలిపిన రకం వాడి చూడండి, అదీ చాలకపోతే 1993లో డాయిల్, ఫుల్లర్, న్యూమన్ ఇచ్చిన మోడల్. మూడూ పైబామ్ అనే బ్యాటరీ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా ఉన్నాయి. అయితే వీటికి కావలసిన పారామీటర్లు డేటాషీట్‌లో దొరకవు, వేరే సెల్‌వి తెచ్చి పెడితే కర్వ్ నున్నగా వస్తుంది గానీ అది మీ సెల్‌ది కాదు.

సమస్య: పాత సెల్ మీద అన్నీ తప్పుతున్నాయి

కొత్తగా ఉన్నప్పటి కెపాసిటీనే ఇంకా వాడుతున్నారేమో చూసుకోండి. కెపాసిటీ, రెసిస్టెన్స్ రెండూ మళ్లీ కొలిచాకే మిగతా పారామీటర్ల జోలికి వెళ్లండి.