‘ఇంగ్లీషు రావడం లేదు’: బెంగళూరు తెలుగువారికి స్థాయిని బట్టి సమస్య - పరిష్కారం

‘నాకు ఇంగ్లీషు రావడం లేదండీ’ అనే మాట బెంగళూరులో మారతహళ్లి మొబైల్ రిపేరు దుకాణంలో పనిచేసే యువకుడి నోటా వినిపిస్తుంది, వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ టీముకు లీడ్‌గా ఉన్న ఉద్యోగి నోటా వినిపిస్తుంది. మాట ఒకటే అయినా ఇబ్బంది ఒకటి కాదు. మొదటివారికి వాక్యం మొదలే కాదు. రెండోవారికి వాక్యం ఎక్కడా ఆగదు గానీ, కాలేజీ రోజుల నాటి తప్పులే ఇప్పటికీ అందులో దొర్లుతుంటాయి. చాలా స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లు ఈ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒకే టెన్సుల పట్టికతో పాఠం మొదలుపెడతాయి కాబట్టి, ఫీజు కట్టిన ఇద్దరూ కోర్సు ముగిశాక కూడా అదే మాట అంటుంటారు. అందువల్ల ముందు స్థాయిని తేల్చుకొని, ఆ తర్వాతే లక్షణానికి కారణం వెతకాలి.

స్థాయి తేల్చుకోవడం

కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన కొలమానంలో ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఆరు మెట్లు ఉన్నాయి. ఎదుటివారు నెమ్మదిగా మాట్లాడితే అర్థం చేసుకొని, పేరు, ఊరు, చేసే పని చెప్పగలిగితే ఏ1. అంగడిలో, బ్యాంకులో రోజువారీ పనులు జరుపుకోగలిగితే ఏ2. జరిగిన సంగతిని వరుసగా చెప్పి, తన అభిప్రాయానికి కారణం కూడా చెప్పగలిగితే బీ1. తన రంగానికి సంబంధించిన చర్చలో పెద్దగా తడుముకోకుండా పాల్గొనగలిగితే బీ2. క్లిష్టమైన విషయాన్ని సందర్భానికి తగిన తీరులో విస్తరించి చెప్పగలిగితే సీ1. సీ2 దాకా చేరినవారికి ఈ వ్యాసంతో పని లేదు. చదవడంలో బీ2 ఉన్న మనిషి మాట్లాడటంలో ఏ2 దగ్గరే ఉండటం మనవాళ్లలో సర్వసాధారణం కనుక, వినడం, చదవడం, మాట్లాడటం, రాయడం అనే నాలుగింటికీ స్థాయిని విడివిడిగా చూసుకోవాలి.

కేంబ్రిడ్జి పరీక్షల విభాగం ఇచ్చిన అంచనా ప్రకారం, మొదటి నుంచి లెక్కిస్తే ఏ2కు 180 నుంచి 200 గంటలు, బీ1కు 350 నుంచి 400, బీ2కు 500 నుంచి 600, సీ1కు 700 నుంచి 800 గంటల బోధన అవసరమవుతుంది. రోజుకు గంట చొప్పున కూర్చున్నా ఒక మెట్టు ఎక్కడానికి సుమారు ఆరు నెలలు పడుతుంది. ముప్పై రోజుల్లో అనర్గళంగా మాట్లాడిస్తామనే ప్రకటనను ఈ లెక్క పక్కన పెట్టి చూస్తే, డబ్బు కట్టాలో వద్దో తేలిపోతుంది.

లక్షణం: చదవగలను, నోరు మాత్రం పెగలదు (ఏ1)

తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి వచ్చినవారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. బోర్డు చదువుతారు, ఫారం నింపుతారు, ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే మాత్రం నవ్వి ఊరుకుంటారు. బడిలో పాఠం తెలుగులో విన్నారు, జవాబులు కంఠతా పట్టారు. నోటితో ఇంగ్లీషులో పని జరిపించుకోవలసిన అవసరం ఏనాడూ రాలేదు. ఇలాంటివారికి వ్యాకరణ సూత్రాలు చెప్పినంత మాత్రాన నోరు తెరుచుకోదు. పనిచేసే చోట రోజూ ఎదురయ్యే ప్రశ్నలను తెలుగులోనే ఒక కాగితం మీద రాసుకొని, ఒక్కొక్క దానికి ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యాన్ని తెలిసినవారిచేత సరిచేయించుకొని, విడగొట్టకుండా మొత్తంగా నోటికి పట్టించుకోవాలి. రిపేరు దుకాణంలో అయితే ‘ఇట్ విల్ టేక్ వన్ అవర్’, ‘ద స్క్రీన్ ఈజ్ డ్యామేజ్డ్’, ‘ప్లీజ్ కమ్ బ్యాక్ ఎట్ ఫైవ్’ వంటి వాక్యాలు ఓ ముప్పై నలభై చాలు. వాటి వెనుక ఉన్న వ్యాకరణం తర్వాత చెబితే సులభంగా ఎక్కుతుంది.

లక్షణం: అర్థమవుతుంది, జవాబు తయారయ్యేలోపు మాట దాటిపోతుంది (ఏ2 నుంచి బీ1)

పైన చెప్పిన యువకుడే ‘ఏడాదిలో కన్నడ వచ్చేసింది, ఇంగ్లీషు మాత్రం ఇన్నేళ్లయినా రాలేదేం?’ అని అడగవచ్చు. కారణం తెలివితేటల్లో లేదు. తెలుగులోనూ కన్నడలోనూ క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది కాబట్టి, తెలుగు వాక్యంలోని మాటలను ఉన్నచోటే మార్చుకుంటూ పోయినా కన్నడ వాక్యం చాలావరకు నిలబడుతుంది. ఇంగ్లీషులో కర్త వెంటనే క్రియ రావాలి. ‘నిన్న సాయంత్రం మేనేజర్ అడిగిన రిపోర్టు ఈ రోజు పొద్దున పంపాను’ అనే వాక్యాన్ని తలలో తెలుగులో కట్టుకున్నవారు ‘పంపాను’ అనే చివరి మాట దగ్గరికి వస్తే తప్ప ఇంగ్లీషులో నోరు తెరవలేరు. పైగా ‘మేనేజర్ అడిగిన’ అనే విశేషణం మనకు రిపోర్టుకు ముందు ఉంటుంది, ఇంగ్లీషులో దాని తర్వాతకు పోతుంది. ఇంత తారుమారు చేసేలోపు మీటింగులో పక్కవారు మాట అందుకుంటారు.

దీనికి మందు వాక్యాన్ని ముక్కలు చేయడం. ముందుగా ‘ఐ సెంట్ ద రిపోర్ట్’ అని కర్త, క్రియ, కర్మ అనేసి, ఆ తర్వాత ‘దిస్ మార్నింగ్’ అని, ఇంకా అవసరమైతే ‘ద మేనేజర్ ఆస్క్‌డ్ ఫర్ ఇట్ యెస్టర్డే’ అని రెండో వాక్యంగా చెప్పాలి. పొడుగు వాక్యమే గొప్ప ఇంగ్లీషు అనే భ్రమను ఈ స్థాయిలో వదులుకోక తప్పదు. ఐటీ ఉద్యోగులకు పొద్దున్నే జరిగే స్టాండప్ మీటింగు దీనికి చక్కటి సాధన. నిన్న ఏం చేశారు, ఈ రోజు ఏం చేస్తారు, పని ఎక్కడ ఆగింది అనే ఆ మూడు ప్రశ్నలకు జరిగిన కాలం, జరగబోయే కాలం, ఇంకా తేలని స్థితి మూడూ అవసరమవుతాయి. మీటింగుకు ముందు అదే సంగతిని గోడకు చెప్పినట్టు నాలుగు నిమిషాల్లో ఒకసారి, మూడు నిమిషాల్లో ఒకసారి, రెండు నిమిషాల్లో ఒకసారి చెప్పాలి. విషయం మారకుండా సమయం మాత్రమే తగ్గుతుంది కాబట్టి, మూడోసారికి తెలుగులో కట్టుకొని అనువదించే తీరిక ఉండదు. భాషా బోధకులు 4-3-2 అని పిలిచే ఈ సాధన ఖర్చు లేనిది, అయినా ఎందుకో మన సెంటర్లలో అరుదుగా కనిపిస్తుంది.

లక్షణం: బెంగళూరు వచ్చి ఏళ్లయినా ఏ మార్పూ లేదు

పెద్ద నగరానికి వస్తే ఇంగ్లీషు దానంతట అదే వస్తుందని ఊళ్లో అందరూ అంటారు. కానీ బీటీఎం లేఅవుట్ పీజీలో పక్క మంచం అతను నెల్లూరు, మెస్సులో వడ్డించేది గోంగూర పప్పు, టీములో సగం మంది మనవాళ్లే, ఆటో అతనితో మాట్లాడేది కన్నడం లేదా హిందీ. రోజు మొత్తంలో నోటితో ఇంగ్లీషు మాట్లాడే సమయం లెక్కపెడితే పది నిమిషాలు కూడా తేలకపోవచ్చు. తెలుగువాళ్లం తెలుగులో మాట్లాడుకోవడంలో తప్పేమీ లేదు, పీజీ మారవలసిన పనీ లేదు. రూమ్మేటుతో రోజుకు అరగంట నియమం పెట్టుకుంటే చాలు, అయితే ‘ఏదో ఒకటి మాట్లాడుకుందాం’ అంటే ఆ నియమం వారం తిరగకుండానే చెడుతుంది. చేతిలో పని ఉండాలి: ఇద్దరూ ఒకే వార్త చదివి ఒకరు చెప్పడం, రెండోవారు ప్రశ్నలు వేయడం, మర్నాడు పాత్రలు మార్చుకోవడం.

లక్షణం: ధారాళంగా మాట్లాడతాను, తప్పులు మాత్రం పోవు (బీ1 నుంచి బీ2)

‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అంటే ఆఫీసులో అందరికీ అర్థమవుతుంది, ఎవరూ దిద్దరు. దిద్దేవారు లేని తప్పు గట్టిపడిపోతుంది. లారీ సెలింకర్ అనే భాషాశాస్త్రవేత్త 1972లో ఈ స్థితిని శిలాజంగా మారడంతో పోల్చి ‘ఫాసిలైజేషన్’ అని పేరు పెట్టారు. ఈ దశలో మళ్లీ మొదటి నుంచి గ్రామర్ పుస్తకం తిరగేయడం వల్ల కాలం వృథా అవుతుంది, ఎందుకంటే సూత్రం వీరికి తెలియక కాదు, నోరు అలవాటు పడిన దారి వేరు.

తప్పు ఎక్కడ పుట్టిందో తెలిస్తే పట్టుకోవడం సులువు. మనం ‘రెండేళ్ల నుంచి’ అన్నా ‘2022 నుంచి’ అన్నా ఒకే ప్రత్యయం వాడతాం. ఇంగ్లీషులో వ్యవధికి ‘ఫర్’, మొదలైన క్షణానికి ‘సిన్స్’ అని విడిపోతాయి. ‘పనిచేస్తున్నాను’ అనే ఒక్క రూపం మనకు ఇప్పటి పనికీ, రెండేళ్లుగా సాగుతున్న పనికీ సరిపోతుంది. అక్కడ రెండోదానికి ‘హావ్ బీన్ వర్కింగ్’ కావాలి. ‘దాని గురించి చర్చించాం’ అనే అలవాటు వల్ల ‘డిస్కస్డ్ అబౌట్’ వస్తుంది. ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ అక్కర్లేదు. ‘వస్తానని చెప్పాడు’ అనడానికి ఎవరితో చెప్పాడో మనం చెప్పనవసరం లేదు కనుక ‘హీ టోల్డ్ దట్’ అంటాం. ‘టోల్డ్ మీ’ అనాలి, లేకపోతే ‘సెడ్’ అనాలి. తెలుగులో ప్రశ్నార్థకం వచ్చినా మిగతా మాటలు స్థానం మారవు కాబట్టి ‘వేర్ యూ ఆర్ గోయింగ్?’ పుడుతుంది. ‘వేర్ ఆర్ యూ గోయింగ్?’ అనాలి.

వీటన్నిటినీ ఒకేసారి దిద్దుకోబోతే మాటే ఆగిపోతుంది. ఫోనులో తన మాటను అయిదు నిమిషాలు రికార్డు చేసుకొని, ఎక్కువసార్లు దొర్లిన ఒక్క తప్పును ఎంచుకొని, రెండు వారాల పాటు దాని మీదే కన్నేయాలి. నమ్మకమైన సహోద్యోగి ఒకరికి ‘నేను సిన్స్ తప్పుగా వాడితే చెప్పండి’ అని ముందే చెప్పుకోవడం మంచిది. ‘నా తప్పులన్నీ చెప్పండి’ అంటే ఎవరూ చెప్పరు. మరొక మాట: ‘ప్రీపోన్’, ‘ఔట్ ఆఫ్ స్టేషన్’ వంటివి తప్పుల జాబితాలో పెట్టనక్కర్లేదు. అవి భారతీయ ఇంగ్లీషులో నిలదొక్కుకున్న మాటలు. విదేశీ క్లయింటు ముందు మాత్రం మరో మాట వాడుకుంటే సరిపోతుంది.

లక్షణం: మనవాళ్ల ఇంగ్లీషు తెలుస్తుంది, అమెరికా కాల్ తెలియదు

పదాలు చాలకపోవడమే దీనికి కారణమని అనుకొని చాలామంది పదాల జాబితాలు కొంటారు. అసలు సంగతి వేరు. తెలుగులో ప్రతి అక్షరానికీ దాదాపు పూర్తి ఉచ్చారణ ఇస్తాం; ఇంగ్లీషులో ఊనిక (స్ట్రెస్) ఉన్న భాగం మాత్రమే నిండుగా పలికి, ‘టు’, ‘ఆఫ్’, ‘హావ్’, ‘దెమ్’ వంటి చిన్న మాటలను సగం మింగేస్తారు. ‘వాట్ డు యు వాంట్ టు డూ’ చెవికి ‘వాడ్య వానా డూ’ అని చేరుతుంది. ఇందులో అందరినీ బోల్తా కొట్టించేది ‘కెన్’, ‘కాంట్’ జంట. అమెరికన్ల నోట చివరి ‘ట్’ చాలాసార్లు వినపడదు. ‘ఐ క్న్ డూ ఇట్’ అని ఆ మాట నలిగిపోయి వినిపిస్తే చేయగలనని, నిండుగా, నొక్కి వినిపిస్తే చేయలేనని అర్థం. పని ఒప్పుకున్నారో లేదో తేలేది ఇక్కడే కనుక, సందేహం వస్తే అడిగి తేల్చుకోవడమే మేలు.

సాధనకు, పలికిన మాటలన్నీ రాసి ఉన్న పూర్తి పాఠం దొరికే ఆడియో కావాలి. బీబీసీ వారి ‘6 మినిట్ ఇంగ్లీష్’ కార్యక్రమానికి అది దొరుకుతుంది. అరనిమిషం ముక్క తీసుకొని మూడుసార్లు విని, విన్నది విన్నట్టు రాసి, ఆ తర్వాత పాఠంతో పోల్చాలి. జారిపోయిన ప్రతి మాట దగ్గరా, అది తెలియని మాటా, లేక తెలిసి కూడా వినపడని మాటా అని గుర్తు పెట్టాలి. రెండో రకమే ఎక్కువగా ఉంటే సమస్య చెవిది. ఆ ముక్కనే వక్తతో పాటు అదే వేగంతో పలకాలి. మొదటి రకం ఎక్కువగా ఉంటే ఆ ఆడియో మీ స్థాయికి మించినది, కాబట్టి తేలికైనదానికి మారాలి.

లక్షణం: నేను చెప్పింది ఎదుటివారు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు

ఇది పై సమస్యకు రెండో వైపు. విదేశీ యాస అరువు తెచ్చుకోవలసిన పని లేదు, అది వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది కూడా. ఊనికను సరిచేసుకుంటే చాలు. ‘డెవలపర్’, ‘కంపోనెంట్’, ‘పారామీటర్’ అనే మాటలను ఆఫీసులో రోజూ వాడతాం. మూడింటిలోనూ ఊనిక రెండో భాగం మీద పడాలి, మనం మొదటిదాని మీద వేస్తాం. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘టెస్ట్’ను ‘టెస్టు’ అనడం, ‘ఎగ్’కు ముందు ‘య’ చేర్చి ‘యెగ్’ అనడం కూడా కొంత అడ్డు. అయినా అవి ఊనిక తర్వాతే చూసుకోవలసినవి.

లక్షణం: పదాలు గుర్తుండవు

ఇంగ్లీషు బోధన నిపుణుడు మైఖేల్ వెస్ట్ 1953లో కూర్చిన జాబితా వంటి, తరచుగా వాడే సుమారు రెండు వేల మాటలు రాకుండా అరుదైన మాటలు బట్టీ పట్టడం దీనికి మొదటి కారణం. ఆ రెండు వేలూ వచ్చాక జాబితాలు పక్కన పెట్టి, పేజీకి రెండు మూడు కొత్త మాటలకు మించి తగలని పుస్తకాలు చదవాలి. చర్చ్ స్ట్రీట్‌లోని పాత పుస్తకాల దుకాణాల్లో పిల్లల నవలలు దొరుకుతాయి. పెద్దవాళ్లు అవి కొనడానికి మొహమాటపడనక్కర్లేదు.

లక్షణం: ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 దగ్గరే ఆగిపోతోంది

విదేశాల్లో చదువుకో వలసకో అడిగే ఈ ఇంగ్లీషు పరీక్షలో ఆరున్నరకూ ఏడుకూ మధ్య తేడా అర మార్కే కదా అనిపిస్తుంది. ఐరోపా కొలమానంతో పోల్చినప్పుడు 5.5 నుంచి 6.5 దాకా బీ2, 7 నుంచి సీ1. అంటే దాటవలసింది ఒక మెట్టు, దానికి పైన చెప్పిన గంటల లెక్కే వర్తిస్తుంది. నెలకోసారి పరీక్ష రాస్తూ పోతే ఫీజులు పోవడమే గానీ ఆ గంటలు సమకూరవు. రాత పరీక్షలో చాలామందిని వెనక్కి లాగేది కంఠతా పట్టిన వ్యాసం. అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు ఇవ్వడం, విషయం అమరిక, పదసంపద, వ్యాకరణం అనే నాలుగు అంశాలకూ సమాన విలువ ఉంటుంది కాబట్టి, అరువు తెచ్చుకున్న పెద్ద మాటలు మూడో అంశంలో కూడా అతకకపోగా, మొదటి అంశాన్ని దెబ్బతీస్తాయి. అరవై నిమిషాల్లో రెండు ప్రశ్నలు ఉంటాయి. మొదటిదానికి కనీసం 150 మాటలు, రెండోదానికి 250 మాటలు రాయాలి. రెండోదాని విలువ మొదటిదానికి రెట్టింపు కనుక, నలభై నిమిషాలు దానికే కేటాయించాలి. ఆ నలభైలో మొదటి అయిదు నిమిషాలు వ్యాసం మొదలుపెట్టకుండా, ప్రశ్నలో అడిగినవి ఎన్ని, వాటిలో దేనికి ఏం చెప్పాలి అని గుర్తులు పెట్టుకోవడానికే వాడాలి. వారానికి రెండు వ్యాసాలు రాసి, కొత్త ప్రశ్నకు పోకుండా, ఎవరిచేతనైనా దిద్దించుకున్న ఆ రెండింటినే మళ్లీ రాయడం ఈ దశలో పది కొత్త వ్యాసాల కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది.