లెన్స్‌కి ప్రొటెక్షన్ ఫిల్టర్ ఎలా ఎంచుకోవాలి?

కొత్త లెన్స్ కొనగానే దాంతోపాటు ఒక ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే పల్చటి గాజు) కూడా అంటగట్టడం షాపుల్లో మామూలే. తీసుకోవద్దని అనను. కాకపోతే అది దేన్ని ఆపుతుందో, దేన్ని ఆపలేదో తెలుసుకుని తీసుకోండి.

1. మీకు అవసరమా?

ఎగిరే ఇసుక, దుమ్ము, సముద్రపు తుంపర, పిల్లల జిడ్డు వేళ్లు... వీటికి ఫిల్టర్ మంచి అడ్డు. ఇసుక పడిన లెన్స్‌ని గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయన్న టెన్షన్ ఉంటుంది. అదే ఫిల్టర్ అయితే విప్పి, కడిగి, ఆరబెట్టుకోవచ్చు. మరీ పాడైతే మార్చేయొచ్చు.

కెమెరా కింద పడితే కూడా కాపాడుతుందని మాత్రం నమ్ముకోకండి. లెన్స్ ముందు గాజు మందంగా, గట్టిగా ఉంటుంది. ఫిల్టర్ గాజు పల్చన, చిన్న దెబ్బకే పగులుతుంది. "ఫిల్టర్ పగిలింది, లెన్స్ బతికింది" అని చాలామంది చెబుతారు గానీ, ఆ దెబ్బకు లెన్స్ ఎలాగూ పగిలేది కాదేమో! పైగా పగిలిన పెంకులే ఒక్కోసారి లెన్స్‌ని గీకేస్తాయి. దెబ్బ తగలకుండా చూసేది లెన్స్ హుడ్, అంటే లెన్స్ ముందు తగిలించే గొట్టం లాంటి తొడుగు. ఇంట్లోనో స్టూడియోలోనో ఫొటోలు తీసేవాళ్లకి అదొక్కటే చాలని నా అభిప్రాయం.

వాన, దుమ్ము లోపలికి పోకుండా సీలింగ్ ఉన్న లెన్స్ మీ దగ్గరుంటే మాన్యువల్ ఒకసారి తిరగేయండి. కెనాన్ ఎల్ సిరీస్‌లో కొన్నింటికి ముందు ఫిల్టర్ బిగిస్తేనే ఆ సీలింగ్ పూర్తవుతుంది.

2. సైజు చూసుకోండి

లెన్స్ ముందు అంచు మీదో, క్యాప్ లోపలో సున్నాని అడ్డంగా కొట్టేసినట్టుండే గుర్తు, దాని పక్కన 52, 67, 77 లాంటి అంకె ఉంటాయి. అదే ఫిల్టర్ సైజు, మిల్లీమీటర్లలో. 50 ఎంఎం లెన్స్ కదా అని 50 సైజు ఫిల్టర్ అడగకండి, అది ఫోకల్ లెంగ్త్, అంటే లెన్స్ ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే అంకె. ముందు గాజు బుడగలా ఉబ్బి ఉండే కొన్ని అల్ట్రా వైడ్ లెన్సులకి మర తిప్పి బిగించే ఫిల్టర్లు అసలు పట్టవు.

3. యూవీనా, క్లియరా?

యూవీ అంటే అతినీలలోహిత కిరణాలను ఆపేది, క్లియర్ అంటే మామూలు గాజు. డిజిటల్ కెమెరాకి ఏదైనా ఒకటే. ఫిల్మ్ రోజుల్లో అతినీలలోహిత కిరణాల వల్ల దూరపు కొండలు నీలంగా, మసకగా వచ్చేవి కాబట్టి యూవీ ఫిల్టర్‌కి పని ఉండేది. డిజిటల్ కెమెరాల్లో సెన్సర్ ముందున్న గాజు పొరలే ఆ కిరణాలను చాలావరకు ఆపేస్తాయి. పోలరైజర్‌ని (నీళ్లు, గాజు మీది మెరుపు తగ్గించే ఫిల్టర్) మాత్రం రక్షణ కోసం ఎప్పుడూ తగిలించి ఉంచకండి, ఒకటి రెండు స్టాపుల వెలుతురు తినేస్తుంది (ఒక స్టాప్ అంటే వెలుతురు సగానికి పడిపోవడం).

4. కోటింగ్ దగ్గర రాజీ పడొద్దు

కోటింగ్ (వెలుతురు వెనక్కి కొట్టకుండా గాజు మీద వేసే పల్చటి పొర) లేని గాజు ఒక్కో వైపు దాదాపు 4 శాతం వెలుతురుని వెనక్కి కొడుతుంది. రెండు వైపులా కలిపితే 8 శాతం. మంచి మల్టీకోటింగ్ ఉంటే మొత్తం ఒక శాతం లోపే. ఆ ఏడెనిమిది శాతం వెలుతురు తగ్గినందుకు పెద్ద నష్టమేమీ లేదు. అసలు గొడవ ప్రతిఫలనాలతోనే. రాత్రి వీధి దీపాలని తీస్తే, సెన్సర్ మీద పడిన వెలుగు కొంత వెనక్కి వచ్చి, ఫిల్టర్ లోపలి వైపు తగిలి, మళ్లీ సెన్సర్ మీదకే పోతుంది. ఫొటోలో పైన కుడి మూల దీపం ఉంటే, కింద ఎడమ మూల దాని తలకిందుల దెయ్యపు బొమ్మ ప్రత్యక్షమవుతుంది.

షాపులోనే పరీక్షించొచ్చు. ట్యూబ్‌లైట్ కింద ఫిల్టర్‌ని కాస్త వంచి పట్టుకుని, గాజులో ఆ లైటు ఎలా కనిపిస్తుందో చూడండి. అద్దంలోలా తెల్లగా మెరిస్తే కోటింగ్ లేనట్టే. ఆకుపచ్చగానో ఊదాగానో, బాగా మసకగా కనిపిస్తే ఉన్నట్టు.

5. రింగు

వైడ్ యాంగిల్ లెన్స్ అయితే సన్న రింగు తీసుకోండి, లేకపోతే ఫొటో మూలలు నల్లబడొచ్చు. మరీ సన్నటి వాటిలో కొన్నింటికి ముందు వైపు మరలు ఉండవు, లెన్స్ క్యాప్ పట్టదు. అది అడిగి తీసుకోండి. ఇత్తడి రింగు అల్యూమినియం కన్నా తక్కువగా బిగుసుకుపోతుంది.

6. కొన్నాక

ట్రైపాడ్ మీద పెట్టి, దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలని ఫిల్టర్‌తో ఒకటి, లేకుండా ఒకటి తీసి పెద్దవి చేసి చూడండి. నాసిరకం గాజు బండారం దూరాన్ని దగ్గరగా చూపే టెలిఫొటో లెన్స్‌తో ఇట్టే బయటపడుతుంది. తేడా కనిపిస్తే తిరిగిచ్చేయండి. బిగించే ముందు లెన్స్ మీది దుమ్ముని బ్లోయర్‌తో ఊదేయండి. రాత్రి దీపాలు, ఎదురెండ తీసేటప్పుడు ఫిల్టర్ విప్పేయండి. విప్పబోతే కదలకపోతే, గట్టిగా నొక్కి తిప్పకండి. నొక్కితే రింగు వంగి ఇంకా పట్టేస్తుంది. అంచు చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండ్ వేసి, వేళ్లు చుట్టూ సమానంగా ఆనించి, నెమ్మదిగా తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది.