చేతి గాజుపూసలు గుచ్చే ముందు

శ్రావణమాసం వస్తోందంటే తెగిపోయిన నల్లపూసలు, పేటల దండలు బయటికొస్తాయి. చేతితో చేసిన గాజుపూసలు కొని ఇంట్లోనే గుచ్చుకుందామనుకునేవాళ్లకే ఈ జాగ్రత్తలు. దండ తెగితే అందరూ దారాన్ని తిడతారు గానీ, చాలాసార్లు తప్పు పూస బెజ్జానిదే.

తిరుపతి జిల్లా పాపానాయుడుపేట పాత పద్ధతే చూడండి. లాడా అనే ఇనుప గొట్టానికి గాజు ముద్ద పట్టించి, నడుమ బోలు ఉండేలా సన్నని గొట్టంగా లాగేవారు. దాన్ని పూసలంత ముక్కలు కొడితే అంచులు బ్లేడులా ఉంటాయి. అందుకే బూడిదలో వేసి మళ్లీ వేడిచేస్తూ కలియబెట్టేవారు. అంచులు గుండ్రబడతాయి, బూడిద నిండిన బెజ్జం మూసుకుపోదు. మంట దగ్గర కడ్డీకి గాజు చుట్టి చేసే పూసలకైతే, పూస ఊడి వచ్చేందుకు కడ్డీకి ముందే మట్టి పూస్తారు.

ఆ బూడిదో మట్టో కొంత లోపలే మిగులుతుంది. నోటితో ఊదకండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీళ్లలోనే సన్న తీగతో తీసేయండి. ఆరాక తెల్ల నూలుదారం ఎక్కించి పదిసార్లు అటూ ఇటూ లాగండి. నూగు లేచిందా, ఆ పూస పక్కన పెట్టండి. మరీ నచ్చిన పూసైతే సన్నటి డైమండ్ ఆకురాయితో బెజ్జం అంచు నునుపు చేయొచ్చు. అదీ తడిగానే, కళ్లజోడు పెట్టుకునే. పొడిగా రాస్తే గాజు ధూళి లేస్తుంది, వేడికి పూసా పెచ్చులూడుతుంది.

తర్వాత ఒక్కో పూసనూ వెలుతురుకు పట్టి చూడండి. వేడిపూసను నెమ్మదిగా చల్లార్చకపోతే లోపల ఒత్తిడి మిగిలి, వారాల తర్వాత ఊరికే పడి ఉన్నప్పుడే పగలొచ్చు. బెజ్జం దగ్గర వెంట్రుకంత గీత కనిపించినా వద్దు. బేరం బాగుందని సర్దుకుపోకండి.

బరువు పూసలకు పట్టుదారం కన్నా ప్లాస్టిక్ పూత ఉన్న స్టీలు తీగ నయం. దారమే కావాలంటే పూసపూసకీ ముడి వేయండి, తెగినా అన్నీ నేలపాలు కావు. రంగు ఒక్కో వాయికి మారుతుంది కాబట్టి కావలసినన్ని ఒకేసారి కొని, నాలుగు ఎక్కువే తీసుకోండి. పాకే పిల్లలున్న ఇంట్లో గుచ్చుడు పని పళ్లెంలో పెట్టుకుని, లేచేముందు చాప దులపండి.