పరిచయాలు బోలెడు, పనులు మాత్రం రావు: విశాఖలో చిన్న వ్యాపారులకి, ఫ్రీలాన్సర్లకి

నేను అక్కయ్యపాలెంలో ఇంటి ముందుగదిలో కూర్చుని లేబుళ్ళు, ప్యాకింగ్ డిజైన్లు చేస్తాను. పచ్చళ్ళవాళ్ళు, మసాలా పొడులవాళ్ళు, రొయ్యలు ఎగుమతి చేసేవాళ్ళు నా ఖాతాదారులు. నాకు వచ్చిన పనుల్లో చాలావరకు ఎవరో ఒకరు నా పేరు చెప్పబట్టి వచ్చినవే. అందుకే "నెట్‌వర్కింగ్ మనలాంటివాళ్ళకి పనికిరాదండీ" అని ఎవరైనా అంటే మనసొప్పదు. ఒకరు మన పేరు ఇంకొకరి దగ్గర చెప్పారంటే తమ మాటని మన చేతిలో పెట్టినట్టే. పని చెడితే ముందు పోయేది వాళ్ళ మాటే. కింద రాసిన చిక్కుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

"కార్డులు కట్టలకొద్దీ పంచాను, ఒక్క ఫోనూ రాలేదు"

కారణం: మీ పేరు వాళ్ళకి గుర్తుంది. మిమ్మల్ని ఎప్పుడు తలుచుకోవాలో తెలియదు.

గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని చేసే ఒకాయన కార్డు డిజైన్ చెయ్యమని పిలిచారు. ఏమేం రాయాలని అడిగితే టర్నింగ్, మిల్లింగ్, డ్రిల్లింగ్, వెల్డింగ్, ఫ్యాబ్రికేషన్ అని ఏకరువు పెట్టారు. "పోయిన నెల్లో మీకు బాగా పేరొచ్చిన పనేది బాబాయ్?" అన్నాను. లోపలికెళ్ళి పాత పేపర్లో చుట్టిన పంపు షాఫ్టు ఒకటి తెచ్చారు. గ్రీజు ఇంకా ఆరలేదు, దాని మీది గాడి (కీవే) అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. "ఇదిగోనమ్మా, శుక్రవారం సాయంకాలం తెచ్చినారు. లైనంతా ఆగిపోనాది. ఆదివారం పొద్దున్నకి కొత్తది చేసి ఇచ్చేసినాం."

కార్డు మీద పేరు కింద ఆ ఒక్క మాటే పెట్టాం: పంపు షాఫ్టు పాడైతే 2 రోజుల్లో కొత్తది. ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసే మనిషికి "మిల్లింగ్" అన్న మాట ఎప్పటికీ గుర్తు రాదు. పంపు ఆగిన రోజున ఈ మాట గుర్తొస్తుంది.

పరిష్కారం: ఎవరికి, ఏ ఇబ్బంది వచ్చినప్పుడు, ఎన్ని రోజుల్లో తీరుస్తారో ఒక్క వాక్యంలో చెప్పండి. ఆ వాక్యం తెలిసినవాళ్ళకి చెప్పి, వారం తర్వాత "నేనేం చేస్తానో మీవాళ్ళకి ఎలా చెప్తారు?" అని అడగండి. తడబడితే వాక్యం మార్చాలి. మిగతా పనులన్నీ వదులుకున్నట్టు కాదు. గేటు దాటాక అవన్నీ చెప్పుకోవచ్చు.

"ఏ మీటింగుకెళ్ళినా అవే 10 ముఖాలు"

కారణం: మన ఊరు పొడుగు. కొండలకీ సముద్రానికీ మధ్య సాగిపోయిన ఊరు. మధురవాడ, రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్ వాళ్ళు, గాజువాక వైపు వర్క్‌షాపులు, పాతూరి వైపు పోర్టు పనులు, పరవాడలో మందుల కంపెనీలు. ఎవరి లోకం వాళ్ళది. మీరూ మీ స్నేహితులూ ఒకే చోట తిరుగుతుంటే వాళ్ళకి తెలిసిన ఖాతాదారులు మీకూ తెలిసే ఉంటారు.

మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో ఈ సంగతి మీదే ఒక వ్యాసం రాశారు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని అడిగితే, ఆ పరిచయస్తుణ్ణి తరచూ కలిసేవాళ్ళమన్నవాళ్ళు 16.7 శాతమే. అప్పుడప్పుడూ కలిసేవాళ్ళమన్నవాళ్ళు 55.6 శాతం, ఎప్పుడో అరుదుగా అన్నవాళ్ళు 27.8 శాతం. అది ఉద్యోగాల లెక్క, ఆర్డర్లది కాదు. కానీ నా అనుభవం దానికి దగ్గరగానే ఉంది. నాకు మొదటి రొయ్యల ప్యాకింగ్ పని ఇప్పించింది ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటు. అప్పటికి ఆయన్ని కలిసింది రెండే సార్లు. కార్టన్ మీద ముద్రణ తప్పుందని సరుకు ఎక్కడ ఆగిందో ముందు తెలిసేది ఆయనకే.

పరిష్కారం: మీ ఖాతాదారుడు మీకంటే ముందు ఇంకెవర్ని కలుస్తాడో చూసుకోండి. ఇంటీరియర్ పని చేసేవాళ్ళకైతే ఫ్లాట్ల లోన్లు చూసే బ్యాంకు మనిషి, అకౌంటెంటుకైతే షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టే కుర్రాడు. ఊరి అవతలి చివర అలాంటివాళ్ళు ఒక్కరున్నా నెలకోసారి వెళ్ళి టీ తాగి రండి. ఫీజు కట్టి చేరే సంఘాలూ ఉన్నాయి. వ్యాపారులు ఒకరికొకరు పనులు ఇప్పించుకునే బీఎన్ఐ అనే సంఘంలో ఒక చాప్టర్‌కి (స్థానిక బృందానికి) ఒక వృత్తి నుంచి ఒక్కరినే తీసుకుంటారు. డబ్బు కట్టే ముందు అతిథిగా వెళ్ళి, మీ ఖాతాదారుల్ని కలిసే వృత్తులవాళ్ళు అక్కడ ఉన్నారో లేదో చూడండి. లేకపోతే ఆ ఫీజు దండగ.

"వాట్సాప్ గ్రూపుల్లో రోజూ పోస్టు పెడుతున్నా, పలికేవాళ్ళు లేరు"

రోజూ పెట్టడమే కారణం. గ్రూపులో ఎవరైనా ఏదైనా అడిగినప్పుడు, అది మీ పని కాకపోయినా, సరైన మనిషి నంబరు (వాళ్ళని ముందు అడిగి) ఇవ్వండి. పోస్టర్లు మానేసి ఇది 3 నెలలు చేసి చూడండి.

"ఒకాయన ఒక పని ఇప్పించాడు. తర్వాత ఆ ఊసే లేదు"

ఇది అన్నిటికంటే నష్టం చేసేది. కారణం మనకి ఎవరూ చెప్పరు.

నాకు జరిగిందే రాస్తాను. తెలిసిన ప్రింటరుగారు తన పాత ఖాతాదారుణ్ణి నా దగ్గరికి పంపారు. సంక్రాంతి ముందు రోజులు, చేతినిండా పని. వారంలో ఇస్తానన్నది 16 రోజులకి ఇచ్చాను. ఖాతాదారు ఏమీ అనలేదు, డబ్బు కూడా ఇచ్చేశాడు. అంతా బాగానే ఉందనుకున్నాను. చాలా నెలల తర్వాత వేరే పని మీద ప్రింటరుగారి దగ్గరికి వెళ్తే, మాటల్లో బయటపడింది: "మీకు ఫోన్ చెయ్యడానికి మొహమాటపడి ఆయన రోజూ నాకే చేశాడమ్మా. నేనేం చెప్పను?" ఆలస్యం నాది, మాటలు పడ్డది ఆయన. అప్పట్నుంచీ ఎవరైనా పని పంపితే వాళ్ళకి మూడు కబుర్లు తప్పకుండా పంపుతున్నాను. పంపిన రోజే "మాట్లాడానండీ, ఫలానా రోజుకి ఇస్తానన్నాను" అని ఒకటి. ఆలస్యమయ్యేలా ఉంటే ఖాతాదారుకంటే ముందు ఆయనకి ఒకటి. పని అయ్యాక, బేరం కుదరకపోయినా సరే, ఏమైందో ఒకటి. కమిషన్ ఇస్తామన్నా వద్దనేవాళ్ళు ఉంటారు, కానీ ఈ కబురు వద్దన్నవాళ్ళని నేను చూడలేదు.

ఇప్పటికే అలా తెగిపోయిన పరిచయం ఉంటే ఫోన్లో కాదు, స్వయంగా వెళ్ళండి. "ఆ పనిలో ఆలస్యం చేసి మీకు ఇబ్బంది తెచ్చాను" అని చెప్పి ఊరుకోండి. ఆ రోజు కొత్త పని అడగొద్దు.

"పెద్ద సంస్థల గేటు దాటలేకపోతున్నాం"

కారణం: అక్కడ పరిచయం ఒక్కటే చాలదు, కాగితం కావాలి. స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డు, రిఫైనరీ లాంటి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా తమ కొనుగోళ్ళలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి చెయ్యాలన్న విధానం ఉంది. ఆ 25లో 3 శాతం మహిళల సంస్థలకి. లోపల తెలిసినవాళ్ళున్నా, రిజిస్ట్రేషన్ లేని మనిషి పేరు వాళ్ళు ఏ ధైర్యంతో చెప్తారు?

పరిష్కారం: ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేసుకోండి. ఆధార్, పాన్‌లతో ఆన్‌లైన్‌లో అయిపోతుంది, రుసుము లేదు. ఒంటరిగా పని చేసే ఫ్రీలాన్సరుకీ ఇస్తారు. ఏజెంట్లకి డబ్బు ఇవ్వకండి. తర్వాత ప్రభుత్వ సంస్థలు కొనుగోళ్ళు చేసే జెమ్ పోర్టల్‌లో అమ్మకందారుగా నమోదవ్వండి.

"పని చేశాను, డబ్బు రాలేదు. అడిగితే పరిచయం చెడుతుందేమో"

కారణం మొహమాటం. షరతులు పని మొదట్లో చెప్పకపోతే చివర్లో చెప్పడం ఎవరికైనా కష్టమే.

2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సూక్ష్మ, చిన్న సంస్థలకి 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి 3 రెట్ల చొప్పున చక్రవడ్డీ. కొని అమ్మే వ్యాపారాలకి ఈ రక్షణ లేదు, తయారీకీ సేవలకీ ఉంది. పని ఒప్పుకునే ముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుంటే తర్వాత వాదనకి తావుండదు.

నేను బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేసి, కింద చెల్లించాల్సిన తేదీ రాస్తాను. ఆ తేదీకి 3 రోజుల ముందు ఇలా పంపుతాను: "నమస్కారం అన్నయ్యా, బిల్లు గడువు వచ్చే సోమవారం. అకౌంట్స్‌లో ఎవరితో మాట్లాడమంటారు?" ఈ ఒక్క ప్రశ్నతో అడగాల్సింది ఆయన్ని కాక అకౌంట్స్‌వాళ్ళని అవుతుంది, ఇద్దరి ముఖాలూ నిలబడతాయి. గడువు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే, మనల్ని పంపినవాళ్ళకి ముందు ఒక మాట చెప్పి, తర్వాత ఇలాంటి బాకీల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. అది ఈ తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది.