వానాకాలంలో పుస్తకాల సంరక్షణ

పుస్తకాలను ప్రాణంగా చూసుకునేవారు తొలకరికి ముందే బీరువాను గోడకు నాలుగు వేళ్ల ఎడంగా జరిపి, అరలను పొడిగుడ్డతో తుడిచి, గాలి ఆడేలా పుస్తకాలను వదులుగా నిలబెట్టాలి. చాలా ఇళ్లలో చెమ్మ గోడ నుంచే అట్టలకు పాకుతుంది.

పాత బైండింగుల్లోని మైదా జిగురును తినడానికి వచ్చే వెండిరంగు పురుగులు పుట తెరవగానే వెన్నుమడతలోకి జారుకుంటాయి కనుక, నెలకొకసారి పుస్తకాలను బయటికి తీసి, వెన్ను దగ్గర మెత్తని కుంచెతో దులపడం అవసరం. వేపాకు పెట్టదలచినవారు దానిని పూర్తిగా ఎండబెట్టి గుడ్డసంచిలో ఉంచాలి. పచ్చి ఆకు తేమను పెంచుతుంది.

తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టడం నాకు సుతరామూ నచ్చదు, ఎందుకంటే కాగితం పసుపెక్కి పెళుసుబారుతుంది. దానిని నిలబెట్టి, పుటలను విసనకర్రలా విప్పి, మధ్యమధ్య తెల్లకాగితాలు ఉంచి ఫ్యాను గాలికి ఆరనిచ్చి, ఆ తర్వాతే బరువు కింద పెట్టాలి.